సూది మెడకా, మూటకా?

(తిరుపతిలో హమాలీలు, బేల్దారి కూలీలు, పారిశుధ్య పనివాళ్లు కలుసుకున్న చోట మాట్లాడినదానికి రాతరూపం)



మమ్మల్ని మెడనొప్పి గురించి మాట్లాడమన్నారు. సభల్లో మనం భూమి గురించి, కూలి గురించి, దాడుల గురించి మాట్లాడతాం. మెడనొప్పికి గూడా మైకు కావాలా అని ముందు వరసలో కొందరు నవ్వుతావుండారు. నవ్వుతా పక్కనోళ్లను చూడాలంటే మెడ తిరగక వొళ్లంతా తిప్పుతావుండారు గదా, అందుకే మైకు కావాల్సి వచ్చింది.

తల వున్నది ఆలోచించడానికి అని బళ్లో చెబుతారు. మన తలల్ని యీ సమాజం వేరే పనికి పెట్టింది. మన అవ్వల్లో కొందరు పాకీపని చేసి మలం గంపల్ని నెత్తిన మోసినారు. ఆ పని చేయించకూడదని 1993లో వొక చట్టం, 2013లో యింకో చట్టం వచ్చినాయి. గంప దిగింది గానీ బరువు దిగలేదు. గంప జాగాలో సిమెంటు తట్ట వచ్చింది, యిటికలు వచ్చినాయి, మదనపల్లె మార్కెట్టులో టమాటా బాక్సులు, మండీల్లో బియ్యం మూటలు, యాభై కేజీల సిమెంటు మూటలు వచ్చినాయి. చుట్టకుదురు పెట్టుకుంటాం. దానివల్ల నెత్తి చర్మానికి రాపిడి తగ్గుతుందేమో గానీ మెడపూసకు బరువు వీసమెత్తు తగ్గదు.

యిప్పుడు యీ మెడలకు కొత్తగా వొక మాట వినబడుతోంది. "వెన్నులో సూది వేయించుకో, తగ్గిపోతుంది." మా వాడలోనే యీమధ్య ముగ్గురికి యీ మాట చెప్పినారు. ముగ్గురూ వచ్చి మమ్మల్ని అడిగింది వొకటే: వేయించుకోవాలా, వద్దా? డాక్టరు చెప్పినాడు గాబట్టి వేయించుకోండి అనడం సులభం. వెన్నులో సూది వేస్తే కాళ్లూ చేతులూ పడిపోతాయి, వద్దు అనడం అంతకన్నా సులభం. రెండూ మన బుర్రకు పని చెప్పని జవాబులే.

ముందు సూదిలో తేడా తెలుసుకోవాలి. వాడలో ఆర్‌ఎంపీ పిరుదుకు వేసే సూది వేరు. అందులో వుండేది డైక్లోఫెనాకో, స్టెరాయిడో, రెండూ కలిపో. సాయంత్రం వేయించుకుంటే పొద్దున్నే పనికి పోవచ్చు. అందుకే దానికంత గిరాకీ. నెలల తరబడి వేయించుకుంటే మొదటిది కడుపునూ మూత్రపిండాలనూ, రెండోది యెముకనూ చక్కెరనూ పట్టుకుంటుంది. యిది మనం మాట్లాడుకునే సూది కాదు.

మనం మాట్లాడేది మెడ లోపలికి పోయే సూది. మెడలో 7 పూసలు వుంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తలాంటి డిస్కు. వెనక చిన్న చిన్న కీళ్లు. మధ్యలో వెన్నుపాము. దానినుంచి 8 జతల నరాలు భుజాలకు, చేతులకు పోతాయి. వెన్నుపాము పొర బయట వుండే సందులోకి స్టెరాయిడ్, మత్తుమందు యెక్కించడం వొక రకం. దాన్ని యెపిడ్యూరల్ అంటారు. వెనక కీళ్లలోకి వేయడం యింకో రకం. ఆ కీళ్ల నొప్పిని మోసుకుపోయే సన్న నరాన్ని సూదికొన వేడితో మాడ్చడం మూడో రకం. ఆస్పత్రిలో "ఇంజెక్షన్" అని వొక్క మాటే చెబుతారు. యీ మూడింట్లో యేదో మనం అడగాల. అడిగితే కోపగించుకునే డాక్టరు దగ్గర మెడ పెట్టకండి.

తర్వాతది నొప్పి. నొప్పి అంతా వొకటి కాదు. మెడలోనే, భుజాల మీదే పట్టేసి వుండే నొప్పి వొకటి. మెడలో మొదలై కరెంటు షాకు మాదిరి చేతిలోకి దిగి, బొటనవేలో నడిమివేలో తిమ్మిరెక్కే నొప్పి యింకొకటి. యిది నరం వొత్తుకుంటే వచ్చేది. యీ రెండో దానికి వొక మంచి గుణం వుంది. చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. అందుకే మొదటి వారంలోనే సూదికి పరిగెత్తాల్సిన పని లేదు.

మూడోది అసలు నొప్పిగా రాకపోవచ్చు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతావుంటే, అన్నం కలుపుతుంటే వేళ్లు మాట వినకపోతే, కాల్లోంచి చెప్పు జారినా తెలియకపోతే, నడక తాగినోడి నడక అయితే, వొంటికి పట్టు తప్పితే, అది వెన్నుపామే నలుగుతున్న గుర్తు. దానికి యీ సూది మందు కాదు. ఆలస్యం చేయకుండా ఆపరేషను చేసే డాక్టరు చూడాల. పనికిపోయే ఆడవాళ్లలో యీ గుర్తుల్ని "వయసైపోయింది" అని తోసేస్తారు. నలభై యేళ్లకు వయసెక్కడ అయిపోయింది?

నాలుగోది మన వాడలకు మరీ ముఖ్యం. సాయంత్రం పూట జ్వరం, వొళ్లు తగ్గిపోవడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి, యింట్లో యెవరికైనా టీబీ వుండడం. టీబీ వూపిరితిత్తుల్లోనే వుంటుందని అనుకుంటాం. వెన్నుపూసకు గూడా వస్తుంది. టీబీ వుండంగా దాన్ని చూసుకోకుండా స్టెరాయిడ్ వేస్తే దొంగకు తాళంచెవి యిచ్చినట్టే. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా యిస్తుంది. వాటిని వదిలి వేలు పోసి సూది కొనుక్కోవడం అన్యాయం గదా.

యీ తేడాలు యెట్లా తెలుస్తాయి? యమ్మారై తీస్తే తెలుస్తుందని మనవాళ్ల నమ్మకం. తాళి కుదవపెట్టి యమ్మారై తీయించుకున్నోళ్లు మాకు తెలుసు. 2015లో జపాన్ డాక్టర్లు వొక లెక్క అచ్చేసినారు. మెడనొప్పి గానీ వేరే బాధ గానీ లేని 1211 మందికి మెడ యమ్మారై తీస్తే 87.6 శాతం మందికి డిస్కు వుబ్బి వుంది! వాళ్లెవరికీ నొప్పి లేదు. యిరవైల్లో వున్నవాళ్లల్లో గూడా యెక్కువమందికి వుంది. అంటే కాగితం మీద "డిస్క్ బల్జ్" అని రాసినంత మాత్రాన నొప్పి అక్కడినుంచే వస్తోందని కాదు. నెరిసిన వెంట్రుక మాదిరి అదీ వొకటి.

అసలు తెలిసేది ముట్టుకుంటే. చేతిలో బలం యెంత వుందో పట్టించి చూడాల, మోచేతి మీద చిన్న సుత్తితో కొట్టి చూడాల, గుండుసూదితో వేలు చివర గుచ్చి తెలుస్తోందా అని అడగాల, నడిపించి చూడాల. యిందుకు పదిహేను నిమిషాలు పడుతుంది, చెయ్యి తగలాల. మనల్ని ముట్టుకోకుండా వైద్యం చేసే ఆచారం యీ దేశానికి కొత్తది కాదు. టేబుల్ అవతల కూర్చుని ఫిల్ము మాత్రం చూసి, మెడ మీద వేలు పెట్టకుండా మెడలోకి సూది రాసిన డాక్టరు యే కులమో మాకు తెలియదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు. ముట్టుకోలేదు, అది చాలు. మా అక్కకు జరిగింది యిదే. మూడేళ్లుగా మెడనొప్పి, చేతిలోకి దిగదు. వొక ప్రయివేటు ఆస్పత్రిలో ఫిల్ము చూసి మూడు సూదులు అన్నారు. చెప్పిన ధర ఆమె రెండు నెలల కూలి. ఆ ఫిల్మే పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి పోతే వొక చిన్న వయసు డాక్టరమ్మ అరగంట ముట్టుకుని, నడిపించి, గుచ్చి చూసి, నరానికేమీ కాలేదమ్మా అనింది. అట్లా చూసే డాక్టర్లు వుండారు. ప్రభుత్వంలోనూ వుండారు, ప్రయివేటులోనూ వుండారు.

యింక అసలు ప్రశ్నకు వద్దాం. సూది పనిచేస్తుందా?

1994లో ఆస్ట్రేలియా డాక్టర్లు వొక పరీక్ష చేసినారు. బండ్లు గుద్దుకున్నప్పుడు మెడ కుదుపుకు లోనై, నెలలు గడిచినా నొప్పి వదలని 41 మందిని తీసుకున్నారు. కొందరికి మెడ వెనక కీళ్లలో స్టెరాయిడ్ వేసినారు, తక్కినవాళ్లకు వుత్త మత్తుమందు వేసినారు. యెవరికి యేది పడిందో వాళ్లకు చెప్పలేదు. తగ్గిన నొప్పి మళ్లీ సగం దాకా తిరిగి రావడానికి నడిమి లెక్కన స్టెరాయిడ్ వాళ్లకు 3 రోజులు పట్టింది. వుత్త మత్తుమందు వాళ్లకు మూడున్నర రోజులు. స్టెరాయిడ్ వేసి వొరిగింది లేదు. 1996లో అదే దేశంలో నరాన్ని వేడితో మాడ్చే పద్ధతిని 24 మంది మీద పరీక్షించినారు. నిజంగా మాడ్చినవాళ్లకు నొప్పి సగం తిరిగి రావడానికి 263 రోజులు పట్టింది, సూది పెట్టి వేడి యివ్వనివాళ్లకు 8 రోజులు. యిది చిన్న సంగతి కాదు. అయితే ఆ 24 మందిని యెన్నుకునే ముందు, నొప్పి కచ్చితంగా ఆ కీలునుంచే వస్తోందని మత్తుసూదులతో పదే పదే తేల్చుకున్నారు. మన దగ్గర యెంతమందికి అట్లా తేల్చి మాడుస్తావుండారో అడిగి చూడండి.

తర్వాత చాలా పరిశోధనలు వచ్చినాయి. వాటన్నింటినీ కలిపి చూసి 2025 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వొక బృందం తీర్పు లాంటిది చెప్పింది. మూడు నెలలు దాటిన వెన్నునొప్పికి, అది మెడదైనా నడుముదైనా, చేతికి దిగేదైనా దిగనిదైనా, యెపిడ్యూరల్ సూదులూ కీళ్ల సూదులూ నరం మాడ్చడమూ వద్దని గట్టిగా చెప్పింది. వుత్తుత్తి సూది కన్నా వీటివల్ల యెక్కువ మేలు కనబడలేదని కారణం. క్యాన్సరు నొప్పికి యిది వర్తించదు. ఆ బృందంలో నలుగురు తామే వెన్నునొప్పితో బతుకుతున్న రోగులు. మాకు యిది నచ్చింది. నొప్పి పడేవాళ్లను నొప్పి గురించి అడగడం యిన్నాళ్లకు తోచింది.

నొప్పి డాక్టర్ల సంఘాలు దీన్ని వొప్పుకోలేదు. రకరకాల నొప్పుల్ని వొకే గంపలో వేసి తూచినారని వాళ్ల వాదన. సూదుల మీద బతికేవాళ్లు సూదుల్ని వెనకేసుకొస్తారు అని కొట్టేయొచ్చు గానీ అట్లా చేయడం న్యాయం కాదు, వాళ్ల వాదనలో పస వుంది. అదే నెలలో అమెరికా నరాల డాక్టర్ల అకాడమీ 90 పరిశోధనల్ని కలిపి చూసి, నరం వొత్తుకున్న నొప్పికి మూడు నెలల లోపు కొందరికి కొంత మేలు వుండొచ్చని చెప్పింది. అయితే ఆ పరిశోధనల్లో యెక్కువ భాగం నడుము మీద చేసినవి. మెడకు యెంత పనిచేస్తుందో వాటినిబట్టి చెప్పలేమని గూడా చెప్పింది. అంటే యిద్దరి మాటల్నీ కలిపినా వచ్చేది యిదే: మెడలోనే వుండే నొప్పికి స్టెరాయిడ్ సూది మీద ఆశ పెట్టుకోవద్దు. చేతిలోకి దిగి నిద్రపోనివ్వని నొప్పికి, వారాలు ఆగినా వ్యాయామం చేసినా తగ్గకపోతే, కొన్ని వారాల వూరట దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

వూరటకు ధర గూడా తెలుసుకోవాల. మెడ నడుము లాంటిది కాదు. మెడ నరాల పక్కనే మెదడుకూ వెన్నుపాముకూ రక్తం పోయే గొట్టాలు వుంటాయి. కొన్ని స్టెరాయిడ్లు నూకల మాదిరి రేణువులుగా వుంటాయి. ఆ రేణువులు రక్తనాళంలోకి పోతే అడ్డం పడతాయి. వెన్ను సూదుల తర్వాత చూపు పోవడం, పక్షవాతం, ప్రాణం పోవడం అరుదుగా జరుగుతాయని 2014 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక వేసింది. 2012లో అదే అమెరికాలో బూజు పట్టిన స్టెరాయిడ్ సీసాలు ఆస్పత్రులకు పోయి, 750 మందికి పైగా జబ్బుపడి, 60 మందికి పైగా చనిపోయినారు. అరుదు అంటే అరుదే, భయపెట్టడానికి చెప్పడం లేదు. వూరట చిన్నదైనప్పుడు అరుదైన అపాయాన్ని గూడా తక్కెట్లో వేయాల.

మనవాళ్లలో చక్కెర జబ్బు యెక్కువైంది. బాబాసాహెబ్‌కు గూడా చక్కెర జబ్బు వుండేది, కాళ్ల నరాల నొప్పులతో రాత్రిళ్లు నిద్ర లేక బాధపడినాడు. చక్కెర వున్నవాళ్లకు స్టెరాయిడ్ పడితే కొన్ని రోజులు చక్కెర పైకి లేస్తుంది. ముందే చెప్పాల, ఆ రోజుల్లో చూపించుకోవాల. గుండెకు స్టెంటు వేసుకుని రక్తం పలచబడే మాత్రలు మింగేవాళ్లు తప్పకుండా చెప్పాల. లేకపోతే వెన్నుపాము పక్కన రక్తం గడ్డకట్టే ప్రమాదం వుంది. ఆ మాత్రల్ని మనంతట మనం ఆపకూడదు, గుండె డాక్టరు చెబితేనే.

యిప్పుడు మా బావ సంగతి. హమాలీ. కుడిచేతిలోకి నొప్పి, బొటనవేలు తిమ్మిరి. మూడు నెలలు ఆగినాడు, గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు. సూది వేయించుకున్నాడు. నొప్పి దిగింది. నెలన్నర బాగా నిద్రపోయినాడు. ఆ నెలన్నరలో యేం చేసినాడు? అప్పు తీరాల గదా, నొప్పి లేదు గదా అని యింకో పది మూటలు యెక్కువ మోసినాడు. యేడో వారంలో నొప్పి తిరిగి వచ్చింది. సూది పనిచేయలేదు అన్నాం మేము. ఆయన వొప్పుకోలేదు. "నెలన్నర నిద్ర రా అబ్బోడా, దానికి యెంతిచ్చినా తక్కువే" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. నిద్ర లేనోడికే నిద్ర విలువ తెలుసు. అందుకే సూది వేయించుకున్నోళ్లను యెవరూ తప్పుపట్టకండి.

అయితే మా బావ లెక్కలో యింకొకటి వుంది. ఆ నెలన్నర సూది యెవరికి పనిచేసింది? సూది ఖర్చు ఆయనది, అపాయం ఆయనది. యెక్కువ దిగిన మూటలు మండీ వాళ్లవి. నొప్పి అనేది మెడ చేసే కేక. కేక వినబడకుండా చేసి అదే మెడ మీద అదే బరువు పెడితే, మనం వైద్యం కొన్నది మెడకా, మూటకా? సూది యిచ్చేది వ్యవధి. ఆ వ్యవధిలో మెడ కండరాల్ని బలం చేసుకునే వ్యాయామం చేసి, బరువు దించుకోగలిగితే దానికి అర్థం వుంది. మరుసటి వారమే మూట కిందికి పోయేటట్టయితే మా మాట వద్దనే.

బరువు దించుకోవడం మన చేతిలో వుందా అని అడుగుతారు. వొక్కడి చేతిలో లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షనులోనే దెబ్బ తగిలేటంత బరువు పనివాడి చేత మోయించకూడదని రాసినారు. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మగవాళ్లకు 55 కేజీలు దాటొద్దని, ఆడవాళ్లకు అంతకన్నా బాగా తక్కువ వుండాలని సిఫారసు చేసింది. కేరళలో తలబరువు మోసేవాళ్లకని 1978లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చుకున్నారు. అక్కడి హమాలీలు సంఘం కట్టి తెచ్చుకున్నారు, యెవరూ పిలిచి యివ్వలేదు. మన మండీ ఫ్యాక్టరీ కాదు, మన మేస్త్రీ యజమాని కాదు, యిల్లు కట్టించుకునే ఆయనకు మనం తెలియదు. బరువు మాత్రం అందరికీ తెలుసు.

మా అక్క సూది వద్దనుకునింది. ఫిజియోథెరపీలో నేర్పిన నాలుగు వ్యాయామాలు పొద్దునా సాయంత్రం చేస్తావుంది, తట్ట సగమే నింపించుకుంటావుంది. సగం తట్టకు సగం కూలి అన్నాడు మేస్త్రీ. తోడు ఆడవాళ్లు ఆరుగురు గూడా సగమే నింపించుకున్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు. రాత్రి నిద్ర పడుతోంది.

వేయించుకోవాలనే నిర్ణయానికి వచ్చినవాళ్లు వుంటే, వొంటరిగా పోకండి. చదువుకున్న పిల్లనో పిల్లోణ్నో వెంట తీసుకుపోయి అడిగించండి: యే రకం సూది, యెన్నో పూస దగ్గర, యే స్టెరాయిడ్, రేణువులున్నదా లేనిదా, ఎక్స్‌రే తెరమీద చూస్తా, రంగుమందు వేసి సూదికొన యెక్కడుందో తేల్చుకుని వేస్తారా. పక్కనుంచి నరం బయటికొచ్చే రంధ్రంలోకి వేసేటట్టయితే మెడలో రేణువుల స్టెరాయిడ్ వాడకూడదని 2015లో అమెరికా నిపుణులు రాసిపెట్టినారు. తెర లేకుండా చేతి అంచనాతో మెడలో వేస్తామంటే లేచి వచ్చేయండి. మూడు సూదుల ప్యాకేజీ అంటే మొదటిది పనిచేసిందో లేదో చూడకుండా రెండోదానికి డబ్బు కట్టొద్దు. అలిపిరి పోయే దారిలో రుయా, స్విమ్స్, బర్డ్ వున్నాయి, చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు దగ్గర. వొకచోట సూది అంటే ఇంకోచోట గూడా చూపించుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవలో యేది వస్తుందో యేది రాదో కౌంటరులో ముందే అడిగి తెలుసుకోండి.

వచ్చే సోమవారం పొద్దున కూలీల అడ్డా దగ్గర మేస్త్రీలతో కూర్చుంటున్నాం. మిద్దె పైకి సామాను చేరేయడానికి గిలక కట్టాలని, మూటలకు తోపుడుబండి పెట్టాలని, తట్ట సగమైనా కూలి పూర్తిగా యివ్వాలని అడగబోతున్నాం. యేడు గంటలకు రండి. ఫిల్ములు వున్నవాళ్లు వాటిని గూడా తీసుకురండి, మేస్త్రీలకు చూపించడానికి.